గల్ఫు రూపాయికి తలంటు

ఆయన పోయిన రోజు పొద్దున్నే ఫోను తీసేసరికి మా తెలుగువాళ్ళ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు, వెలుగుతున్న దీపాలు. "నడిచే చరిత్ర" అని ఒకరు, "మచ్చలేని మనిషి" అని ఇంకొకరు, "కార్మికుల ఆప్తుడు" అని మరొకరు, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోతున్నారు. కార్మికుల ఆప్తుడు అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. మా ఆయన నా మొహం చూసి, "పోయిన మనిషి. గ్రూపులో ఏమీ రాయకు, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. సరే, గ్రూపులో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

పేరు రాయను. రాయకపోయినా దోహాలో కొన్నేళ్ళుగా ఉన్న తెలుగువాళ్ళు పోల్చుకుంటారు. పిల్లలు ఆయన్ని రూపాయి తాతయ్య అనేవారు. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మేముండే బిల్డింగులోనే, సరిగ్గా మా నెత్తిమీద అంతస్తులో ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి. నన్ను "అమ్మాయ్" అనేవాడు, నేను "బాబాయిగారూ" అనేదాన్ని. మంచి ఎత్తు, తెల్లటి చొక్కా, మడత నలగని ప్యాంటు. దూరం నుంచి చూస్తే గౌరవం కలిగే మనిషే. దగ్గరికి వెళ్తేనే ఇబ్బంది.

"అసయ్యం" అనేది ఆయన ఊతపదం. బస్సు అసయ్యం, బజారు అసయ్యం, ఎదురింటి వాళ్ళు వండుకునే ఎండుచేప అసయ్యం. లిఫ్టు బటను చేత్తో నొక్కేవాడు కాదు, కారు తాళంచెవితో నొక్కేవాడు. అదే తాళంచెవిని మా సోఫాలో కూర్చుని చెవిలో పెట్టి తిప్పుకునేవాడు. బయటికి తీసి, కిటికీ వెలుతురులో ఒకసారి పరీక్షగా చూసుకుని, నెమ్మదిగా జేబురుమాలుకి తుడుచుకునేవాడు. ఆయన వెళ్ళాక నేను సోఫా కవరు తీసి బకెట్లో పడేసేదాన్ని. అలా నాక్కూడా ఆయన జబ్బు కొంత అంటుకుంది.

కూర్చునే ముందు కుర్చీ తుడిచేవాడు. అందరికోసమూ తుడిచేవాడైతే శుభ్రం అనుకుని ఊరుకుందును. అంతకుముందు అందులో ఎవరు కూర్చున్నారన్నది చూసుకుని తుడిచేవాడు. డాక్టరుగారు కూర్చుని లేస్తే తుడవడు. ఒకసారి ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన నేపాలీ మనిషి నిచ్చెన దిగి ఒక్క నిమిషం కుర్చీకి ఆనుకున్నందుకు, "అసయ్యం, అసయ్యం, ఆ కవరు తియ్యి" అని భార్య మీద కేకలేశాడు. అతనికి తెలుగు రాదని ధీమా. మొహం చూస్తే తెలియకపోవడానికి అతనేం గుడ్డివాడు కాదు. సామాను సంచిలో సర్దుకుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఇంతటి శుచిమంతుడు పోగేసింది ఏమిటంటే పాత నోట్లు. ఎన్ని చేతులు మారి ఉంటాయో లెక్కలేని నోట్లు.

అవి మామూలు నోట్లు కావు, గల్ఫు రూపాయలు. ఈ సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఒకప్పుడు బహ్రెయిన్ దీవిలోనూ, ఇక్కడ కతార్‌లోనూ, ఇంకా ఈ చుట్టుపక్కలా చెలామణిలో ఉన్నది మన రూపాయే. ముత్యాలు కొన్నా రూపాయే, చమురు బావుల్లో జీతమిచ్చినా రూపాయే. ఆ రూపాయలతో ఇక్కడ బంగారం కొని దొంగతనంగా మన దేశానికి చేర్చడం ఎక్కువైపోయేసరికి, మన ప్రభుత్వం ఈ దేశాల కోసమని వేరే నోట్లు అచ్చువేసింది. బొమ్మలన్నీ అవే, సింహాలు అవే, రంగు మాత్రం వేరు. పది రూపాయల నోటు ఎర్రగా ఉంటుంది, నంబరు ముందు ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అది ఇక్కడ చెల్లుతుంది, మన దేశంలో చెల్లదు. తర్వాత బహ్రెయిన్ తన దినారు తాను తెచ్చుకుంది. మరుసటేడు మనవాళ్ళు రూపాయి విలువ ఒక్కసారిగా తగ్గించేసరికి కతార్ వాళ్ళూ మిగిలినవాళ్ళలో చాలామందీ ఈ నోటుకి సెలవు చెప్పేశారు. జరిగింది ఇంతే.

ఆయన చెప్పే చరిత్ర వేరు. "ఒకప్పుడు ఈ గల్ఫంతా మన రూపాయి చేతికింద బతికిందండీ, ఆయ్. పోనీలే పాపం అని మనమే వదిలేశాం." ఉగాదికి ఇదే, దీపావళికి ఇదే, ఎవరి పిల్లాడి పుట్టినరోజుకి పిలిచినా ఇదే. కూరగాయల కొట్టు మలయాళీతో కూడా అనేవాడు. అదే మాట ఒక్క కతారీ ముందు అనగా నేను వినలేదు. లిఫ్టులోకి పొడుగాటి తెల్ల థోబు అంగీ వేసుకున్న మనిషి ఎవరైనా వస్తే ఈయన గోడకి అతుక్కుపోయి, అడక్కుండానే సలాం చెప్పి, అతను ఫోను చూసుకుంటూ పలక్కపోతే మళ్ళీ చెప్పేవాడు. ఆ రెండో సలాం విన్నప్పుడల్లా నాకు లిఫ్టు మధ్యలోనే దిగిపోవాలనిపించేది.

ఇక తలంటు సంగతి. శనివారం సెలవు కదా, ఆ రోజు నోట్లకి తలంటు. ఊరికి వెళ్ళే ప్రతివాళ్ళనీ కుంకుడుకాయలు తెమ్మని అడిగేవాడు. గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానేసి, స్టీలు పళ్ళెంలో నురగ తీసి, అందులో నోటు పరిచి రెండు వేళ్ళతో సుతారంగా రుద్దేవాడు. ఆ నీళ్ళు నల్లబడేకొద్దీ ఆయన మొహం వెలిగిపోయేది. "చూశావా అమ్మాయ్, ఎన్ని చేతుల మురికో. అసయ్యం" అని పళ్ళెం నాకు చూపించేవాడు. చూడకపోతే ఊరుకోడు. తర్వాత పల్చటి గంజిలో ముంచడం, భార్య పాత నూలుచీర ముక్కల మధ్య ఆరబెట్టడం, ఆపైన సన్నటి సెగ మీద ఇస్త్రీ. అదంతా అయ్యాక నోటుని రెండు చేతులతో పట్టుకుని మన చెవి దగ్గర పెట్టి ఫెళ్ళుమనిపించేవాడు. "విన్నావా? కొత్తనోటు కూడా ఇంత బాగా పలకదు." ఒకసారి నోట్లు సేకరించే మలయాళీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, అన్నీ చూసి, "వీటిని ఎందుకు కడిగారు?" అన్నాడు, శవం దగ్గర మాట్లాడుతున్నంత మెల్లగా. కడిగిన నోటుని సేకరించేవాళ్ళెవరూ ముట్టుకోరట. ఆయన వెళ్ళగానే మనవాడు ఆయన కూర్చున్న కుర్చీ తుడిచాడు.

ఇదంతా చూసి నవ్వుకుని ఊరుకోవలసిన మనిషే. నేనూ చాలాకాలం నవ్వుకునే ఉన్నాను. లింబాద్రి వచ్చేదాకా.

నేను ఫిజియోథెరపిస్టుని. ఇండస్ట్రియల్ ఏరియాకి దగ్గర్లో ఒక క్లినిక్‌లో పని. భుజాలు, నడుములు, మోకాళ్ళు, ఇవే నా లోకం. లింబాద్రిది భుజం. నిజామాబాద్ వైపు మనిషి, సైట్లో ఇనుప సలాకలు కట్టే పని, బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఉంటాడు. చెయ్యి పైకి లేవక వచ్చాడు. నెమ్మదస్తుడేం కాదు. కప్పీకి వేలాడే తాడు లాగమంటే లాగుతూ నోరు పారేసుకునేవాడు.

"గీ తాళ్ళు గుంజి గుంజి ఏం జేస్తరు మేడం. మా ఫోర్మన్‌ను గుంజుండ్రి. సగం నొప్పి ఆనికెల్లే అచ్చింది" అనేవాడు. పక్క మంచం మీద ఉన్న బంగ్లాదేశీ మనిషికి ఆ ముక్కే హిందీలో చెప్పి నవ్వించేవాడు.

ఒకరోజు భుజానికి వేడి కాపడం పెట్టి కూర్చోబెట్టినప్పుడు, పర్సులోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టాడు. లోపల ఒక ఎర్ర నోటు. నేను వెంటనే గుర్తుపట్టాను.

"మా తాత తెచ్చిండు మేడం. దుబాయ్ పోయిండు. దుబాయ్ గాదు, బహ్రెయిన్. మా ఊర్ల అన్నీ దుబాయే. బొంబాయి మిల్లుల ఉండి ఆడికెల్లి ఓడెక్కి పోయిండట. అచ్చేటప్పుడు జేబుల గిదొక్కటి మిగిలింది. దుకాన్ల ఇస్తే చెల్లదన్నరు. సింహాలున్నయ్, రూపాయలని రాసున్నది, అయినా చెల్లదన్నరు. చెల్లనిదాన్ని ఏం జేస్తరు, లచ్చిందేవి పటం దగ్గర వెట్టిండ్రు."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. నోటు మీద, కుడివైపు తెల్లగా ఖాళీగా ఉన్న చోట, కుంకం బొట్టు ఉంది. దాని చుట్టూ పసుపు మరకలు.

"అది మా అమ్మ వెట్టింది. లసుంబాయి. ఏటా దీపావళికి వెడుతుండె. గిది ఆఖరుది" అన్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కంపెనీ సెలవివ్వలేదట. దహనం ఫోన్లో చూశాడు, అదీ మధ్యలో నెట్టు ఆగిపోయి సగమే. ఊరినుంచి వచ్చే స్నేహితుడితో అమ్మది ఏదైనా పంపమని అడిగితే చెల్లెలు ఈ నోటు పంపింది.

"దగ్గర వెట్టుకుని సూడుండ్రి మేడం. బొట్ల గీతలున్నయా?"

చూశాను. లేవు. మన వేలితో తడి కుంకం అద్దితే చర్మం గీతలు సన్నగా పడతాయి కదా. ఇందులో ఒక్కటి లేదు, నున్నటి గుండ్రం.

"బీడీలు జేస్తుండె మా అమ్మ. చేసి చేసి వేళ్ళ గీతలు అరిగిపోయినయ్. ఆధార్ మిషన్ల ఎన్నిసార్లు ఒత్తినా పడకపోతుండె. రేషన్ దుకాన్ల పడకపోతుండె. ఆడు తిట్టి ఎల్లగొడుతుండె. యాడ వడని వేలు గీ నోటు మీద వడ్డది."

కాపడం తీసేసే టైమైపోయినా నేను లేవలేదు. చాలామంది చాలా దాచుకుంటారు, చూశాను. ఇలాంటిది చూడలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే మా రూపాయి తాతయ్య ఒక శుక్రవారం ఏషియన్ టౌన్ క్రికెట్ గ్రౌండ్ దగ్గరికి వెళ్ళి, మన కూలీలు పోగయ్యే చోట నిలబడి, ఎవరి దగ్గరైనా తాతలనాటి గల్ఫు రూపాయి ఉందా అని వాకబు చేశాడు. తెలుగువాళ్ళంతా కలిసి ఒక ప్రదర్శన పెడుతున్నారు, నోటు ఇస్తే అద్దాల చట్రంలో పెట్టి కింద పేరు రాసి మళ్ళీ జాగ్రత్తగా ఇచ్చేస్తామన్నాడు. లింబాద్రికి ఆశ పుట్టింది. క్లినిక్‌కి రాగానే నన్ను అడిగాడు.

"ఆ సారు మీ బిల్డింగే అంట గద మేడం. కింద మా అమ్మ పేరు రాస్తరట. లసుంబాయి అని. గింతమంది సూస్తరు. ఇయ్యాల్నా?"

నోటు కడుగుతాడని ఉన్నదున్నట్టు చెప్పాను. లింబాద్రి, "కడగద్దని చెప్పే ఇస్త. మీరు గూడ జెర చెప్పుండ్రి" అన్నాడు. తల్లి పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక అతని మొహంలో కనబడుతూనే ఉంది.

చెప్పకేం, ఆ సాయంత్రమే పైకి వెళ్ళాను. ఆయన భార్యని నేను పిన్నిగారూ అంటాను, మాట తక్కువ మనిషి. ఆవిడా అక్కడే ఉంది.

"బాబాయిగారూ, లింబాద్రి అని ఒకతను మీకు నోటు ఇస్తాడు, అది కడగకండి. దానిమీద బొట్టు వాళ్ళమ్మ పెట్టింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ బొట్టు కోసమే అతను దాచుకున్నాడు."

"ఆయ్, అలాగేనమ్మా. దానికేముంది."

"నీళ్ళు తగిలినా పోతుంది."

"అర్థమైందమ్మాయ్. నేనేం చిన్నపిల్లాణ్ణా" అని తాళంచెవి చెవిలో పెట్టాడు. నేను లేచి వచ్చేశాను. గుమ్మం దగ్గర పిన్నిగారు, "నేను చూస్తుంటాలే" అంది మెల్లగా.

ప్రదర్శన ఒక స్కూలు హాల్లో, శుక్రవారం సాయంత్రం. స్టేజి మీద దీపం, పక్కన తడిపి ఉంచిన పసుపు కుంకాల పళ్ళెం, గోడకి "మన రూపాయి, మన గల్ఫు" అని బట్ట. పట్టుచీరలు, పూలు, కెమెరాలు. లింబాద్రి బర్వా నుంచి ఇద్దరు రూమ్మేట్లతో బస్సు మారి వచ్చాడు. ఎవరిదో నీలం చొక్కా అడిగి వేసుకున్నాడు, చేతులు పొడుగైతే మడిచాడు. హాల్లోకి రాకముందే చెల్లెలికి వీడియో కాల్ కలిపాడు. అక్కడ ఆమె కూడా ఎవరెవరినో పిలిచి కూర్చోబెట్టింది, ఫోన్లో తలకాయలు కనబడుతున్నాయి.

నేను కూడా అతని వెంటే వెళ్ళాను. బల్లమీద వరసగా ఎర్ర నోట్లు. అన్నీ ఫెళఫెళలాడుతున్నాయి. ఏది ఏదో తెలియదు. ఒకదాని కింద "కార్మిక సోదరుల సౌజన్యం" అని రాసి ఉంది. పేరు లేదు. లింబాద్రి ఫోను దానిమీద పెట్టాడు.

"అన్నా, బొట్టేదే?" అంది చెల్లెలు. "అది మనది గాదే. మనది సూపియ్యి."

లింబాద్రి పక్కనున్నవి చూశాడు. ఇటు చివరినుంచి అటు చివరికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈలోగా ఆయనే వచ్చాడు, కొత్త లాల్చీలో, నవ్వుకుంటూ.

"సార్, నాది ఏది?"

"ఇదేనయ్యా. నీదాన్ని నువ్వే గుర్తుపట్టలేదు చూశావా? మూడుసార్లు తలంటాల్సి వచ్చింది. మిగతావాటికి నల్లనీళ్ళు వస్తాయి, దీనికి ఒకటే ఎర్రనీళ్ళు. ఎంత కారినా కారుతూనే ఉన్నాయి. అసయ్యం."

లింబాద్రి కోపగించుకుంటాడనుకున్నాను. చాలా మామూలుగా అడిగాడు.

"ఆ నీళ్ళు ఏడ పోశిండ్రు సార్?"

"ఎక్కడ పోస్తారయ్యా? సింకులో పోశాను."

ఫోన్లో చెల్లెలు, "ఏమంటుండే అన్నా, ఏమంటుండు" అని అడుగుతూనే ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆయనకి నా మాట గుర్తొచ్చినట్టుంది. "ఓహో, బొట్టు కదూ" అన్నాడు. "దానికింత మొహం మాడ్చుకోవాలా? కుంకం కావాలి, అంతేగా?" స్టేజి దగ్గర పళ్ళెంలో వేలు ముంచి వచ్చి, చట్రం అద్దం పైకెత్తాడు. "వద్దండీ" అని పిన్నిగారు ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విదిలించుకుని, తల్లి బొట్టున్న చోటే, ఉంగరంవేలితో గట్టిగా అద్దాడు. ఎవరో ఫోటో తీశారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు.

తడి కుంకంలో ఆయన వేలి గీతలన్నీ పడ్డాయి. సుడి తిరిగి, ఒక్కటి కూడా చెరక్కుండా. లింబాద్రి దాన్ని ఒక్కసారి చూసి ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. రూమ్మేట్లు వెనకాలే పరిగెత్తారు. ఈయన మైకు పుచ్చుకుని, ఒక కార్మిక సోదరుడు తన తాతగారి నోటుని మన సంఘానికి కానుకగా ఇచ్చాడని ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు.

నేను స్టేజి ఎక్కి, మైకు ఆయన చేతిలో ఉండగానే, "మీరు చేసింది అసహ్యంగా ఉంది బాబాయిగారూ" అన్నాను. హాలంతా విన్నది. ఆయన జనం వైపు తిరిగి నవ్వి, "అమ్మాయికి చరిత్ర విలువ తెలీదు" అన్నాడు. అదే ఆయనతో నా ఆఖరి మాట. తర్వాత లిఫ్టులో ఎన్నిసార్లు ఎదురైనా, తాళంచెవితో నా అంతస్తు నంబరు కూడా ఆయనే నొక్కేవాడు. నేను మెట్లెక్కి వెళ్ళేదాన్ని.

లింబాద్రి ఆ తర్వాత రెండు వాయిదాలకి రాలేదు. వచ్చిన రోజు జోకులు వెయ్యలేదు.

"ఆని ఇంటికచ్చి తందామనుకున్న మేడం. చెయ్యి లేస్తలేదు గద" అన్నాడు.

నోటు తెచ్చిపెడతానన్నాను. దానికోసం పైకి వెళ్ళి గొడవ పెట్టుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

"అద్దు మేడం. ఇగ దాన్ని సూస్తే అమ్మ యాదికి రాదు. ఆయన యాదికస్తడు" అని తాడు అందుకున్నాడు. చెల్లెలు చాలారోజులు మాట్లాడలేదట. అమ్మని కూడా తీసుకెళ్ళి దుబాయ్‌లో పోగొట్టినవ్ అందట.

ఇది జరిగాక కూడా మనవాళ్ళు ఆయన్ని ప్రతి పండక్కీ పిలిచారు, శాలువాలు కప్పారు. పెద్దాయన అన్నారు, చాదస్తం అన్నారు, మనసు మంచిదన్నారు. ఒక మనిషి తల్లిని సింకులో పారబోస్తే దాన్ని చాదస్తం అనడం నాకు చేతకాదు. ఆ శాలువాల వాళ్ళందరి మీదా నాకు ఈ క్షణానికీ రోతే.

ఆయన పోయాక శవాన్ని ఊరికి తీసుకెళ్ళారు. కర్మకాండలయ్యాక పిన్నిగారు సామాను సర్దుకోవడానికి తిరిగి వచ్చింది. ఇక కూతురి దగ్గర ఉంటుందట. పోయిన వారం నన్ను పిలిచి, "ఆ అబ్బాయి ఒకసారి వస్తాడేమో అడుగుతావా" అంది. అతనెందుకొస్తాడు పిన్నిగారూ అనబోయి, ఆవిడ మొహం చూసి అడుగుతానన్నాను. లింబాద్రికి ఫోను చేశాను. "ఆ సారు ఇంట్ల అమ్మ పిలిస్తే అస్త" అన్నాడు.

శుక్రవారం వచ్చాడు. ఇల్లంతా అట్టపెట్టెలు. గోడకి ఆయన ఫోటో, దండ. పిన్నిగారు కుర్చీ జరిపి కూర్చోమంది. ఆయన కుర్చీయే. లింబాద్రి అంచుమీద కూర్చున్నాడు. ఆవిడ లోపలినుంచి ఒక కవరు తెచ్చింది. మిగతా నోట్లన్నీ కొడుకు అమ్మేస్తాడట, ఇదొక్కటి విడిగా తీసి దాచింది. ప్రదర్శన అయినప్పటినుంచీ ఆయన దాన్ని చట్రంలోంచి తియ్యనే లేదట, అందుకని కుంకం అలాగే ఉంది.

"ఇది నీది నాయనా. నా చేత్తో ఇద్దామని పిలిచాను. ఆ రోజు ఆపలేకపోయాను. కడిగిన రోజూ ఆపలేకపోయాను" అంది.

లింబాద్రి నోటు తీసుకుని కిటికీ వైపు పెట్టి చూశాడు. ఎండిన కుంకంలో ఆ సుడి గీతలన్నీ అలాగే ఉన్నాయి. నా చేతికిస్తే అక్కడికక్కడే నీళ్ళకింద పెట్టి రుద్దేసేదాన్ని. అతను గోడమీది ఫోటో వైపు చూసి, మళ్ళీ నోటు చూశాడు.

"సారు వేలి గీతలు ఇంట్ల ఇంకేడన్న ఉన్నయా అమ్మా?" అని అడిగాడు.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇల్లంతా ఒకసారి కలయజూసింది, కుర్చీలు, బల్ల, తలుపు.

"ఎక్కడుంటాయి నాయనా" అంది. "అన్నీ తుడిచేసేవారు కదా."

లింబాద్రి లేచాడు. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవదు, ఎడమచేత్తో నోటు ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"అయితే గిది మీరే ఉంచుకోండ్రి అమ్మా. ఎవ్వల్ని కడగనియ్యకుండ్రి."